ఆవగింజంత నిప్పు, సూదిబెజ్జమంత కెమెరా

(ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవం నాడు ఒక బడి హాల్లో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, కొద్ది సవరణలతో.)

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలూ, వెనకాల కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకి జరగండి. నేను చూపించేది చిన్న వస్తువు, అక్కడికి కనపడదు.

నేను పుట్టింది ఈ ఊళ్ళోనే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సంత రోజు సవరవాళ్ళు దిగితే వాళ్ళ మాటలు ఓ నాలుగు. అలా పెరిగాను. చదువయ్యాక వేరే రాష్ట్రంలో ఒక లాబ్‌లో చేరాను. అప్పట్నుంచీ ఒకటే పని. విపరీతంగా వేడెక్కిన ప్లాస్మాకి ఎక్స్‌రేలతో ఫొటోలు తీసే కెమెరాలు కట్టడం, వాటిని నడపడం.

ఇవాళ గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన ఈ ఊళ్ళో పాఠాలు చెప్పిన మాస్టారు. కొండల మీద సవరలు మాట్లాడుకునేది చెవిన పెట్టి విని, ఆ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసిన మనిషి. ఆయన పేరు మీద జరిగే సభలో నేను గ్రాంథికం మాట్లాడితే తప్పు. మా అమ్మకి నా పని గురించి ఎలా చెప్తానో మీకూ అలాగే చెప్తాను. ప్లాస్మాని ప్లాస్మా అనే అంటాను. దానికి కొత్తగా సంస్కృత సమాసం కడితే మీకూ అర్థం కాదు, నాకూ కాదు.

ముందు ఒక గ్రహణం సంగతి చెప్పాలి.

1980 ఫిబ్రవరి 16. ఇక్కడున్న పెద్దవాళ్ళలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అటు కర్ణాటక తీరం నుంచి ఇటు కోణార్క దాకా సంపూర్ణ సూర్యగ్రహణం. నాకు తొమ్మిదేళ్ళు. మధ్యాహ్నం భోజనాలు త్వరగా కానిచ్చి, ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, మా నాన్నమ్మ తలుపులన్నీ మూసేసింది. మాది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి ఎండ దిగి, అలికిన నేల మీద రూపాయి బిళ్ళల్లా గుండ్రటి వెలుగు చుక్కలు రోజూ పడేవి. వాటిని ఎప్పుడూ పట్టించుకున్నది లేదు. ఆ రోజు అవన్నీ నెలవంకలైపోయాయి. ఒకటి కాదు రెండు కాదు, గదినిండా నెలవంకలు, అన్నీ ఒకే వైపుకి తిరిగి. పెంకుల మధ్య సందులు గుండ్రంగా లేవు, నెలవంకల్లానూ లేవు, అడ్డదిడ్డంగా ఉన్నాయి. కింద పడుతున్నది సందు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ.

నేను సుద్దముక్క తెచ్చి ఒక నెలవంక చుట్టూ గీత గీశాను. కాసేపటికి అది సన్నబడింది, కొంచెం పక్కకి జరిగింది కూడా. మళ్ళీ గీశాను. ఇంకోసారి, ఇంకోసారి. గ్రహణం విడిచాక చూస్తే నేల మీద ఒకదాని మీద ఒకటి పడ్డ గీతల ముద్ద మిగిలింది. ఏది ముందో ఏది వెనకో నాకే తెలీలేదు. మా అన్నయ్య వచ్చి చూసి, "పక్కన టైము రాసుకోవాలిరా" అన్నాడు.

నా ఉద్యోగమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఎక్కడ వెలిగిందో తెలిస్తే చాలదు, ఎప్పుడు వెలిగిందో కూడా తెలియాలి. ఎప్పుడన్నది తెలియని బొమ్మ కళ్ళెదుట ఉండి కూడా అబద్ధం చెప్తుంది. ఎలాగో చెప్తాను.

ప్లాస్మా అంటే ఏమిటి? వాయువుని బాగా వేడి చేస్తే అణువులు పరమాణువులవుతాయి. ఇంకా వేడి చేస్తే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడి, విడివిడిగా తిరుగుతాయి. అదే ప్లాస్మా. ఎంత వేడికి ఎంత భాగం అలా విడిపోతుందో 1920లో లెక్క కట్టి చూపించినవాడు మన మేఘనాద్ సాహా. ట్యూబ్‌లైట్ లోపల ఉన్నది ప్లాస్మాయే. వెల్డింగ్ చేసేటప్పుడు కళ్ళు జిగేల్మనిపించేది ప్లాస్మాయే. పిడుగు దారి కూడా ప్లాస్మాయే, సుమారు 30,000 డిగ్రీలు.

ఇక రంగు. కమ్మరి కొలిమి దగ్గర నిలబడి చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఇనుము ముందు ఎర్రబడుతుంది, తరవాత పసుపు పచ్చగా, ఆపైన తెల్లగా. వేడి పెరిగేకొద్దీ వెలుగు ఎరుపు నుంచి నీలం వైపుకి జరుగుతుంది. సూర్యుడి పైభాగం సుమారు 5,500 డిగ్రీలు, ఆ వెలుగు మన కంటికి సరిపోయింది. లక్ష డిగ్రీల వస్తువు వెలుగు చాలావరకు కంటికి కనపడని అతినీలంలోకి వెళ్ళిపోతుంది. కోటి డిగ్రీలకి వెళ్తే అది వెదజల్లేదే ఎక్స్‌రే. కొలిమిలో ఇనుము ఎరుపుని వెలిగించినట్టు, ఆ ప్లాస్మా ఎక్స్‌రేని వెలిగిస్తుంది.

ఆసుపత్రిలో తీసే ఎక్స్‌రేకీ దీనికీ తేడా ఉంది. 1895లో రోంట్‌గెన్ తన భార్య చేతిని తీసిన బొమ్మ నీడ. ఎముక అడ్డొచ్చిన చోట పడ్డ నీడ. మేం తీసేది దీపాన్నే. అవసరమైతే పక్కన ఇంకో ప్లాస్మాని వెలిగించి, దాని వెలుగులో మొదటిదాని నీడ తీయడమూ ఉంది. అది వేరే కథ.

ఈ దీపాన్ని ఫొటో తీయడానికి మామూలు కెమెరా ఎందుకు పనికిరాదు? లెన్స్ కుదరదు. గాజు మామూలు వెలుగుని వంచినట్టు ఎక్స్‌రేని వంచదు, మింగేస్తుంది. అద్దం మీద పడితే అది తిరిగి రాదు. నీటి మీద బిళ్ళ రాయి విసిరితే గెంతుకుంటూ పోతుంది చూడండి, అలా బాగా ఏటవాలుగా తాకితేనే తిరుగుతుంది. అలాంటి అద్దాలతో కెమెరాలున్నాయి. కానీ కట్టడం కష్టం, ఖర్చు. సుళువైనది మా పెంకుటింటి పద్ధతే. ఒక రేకుకి సూదిబెజ్జం పెట్టడం. మా బెజ్జం 10 మైక్రాన్లు. మీ తల వెంట్రుకలో ఏడో వంతో ఎనిమిదో వంతో. ఇంకో సంగతి, గాలి ఉండకూడదు. ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్టు శక్తి ఉన్న ఎక్స్‌రే కొన్ని మిల్లీమీటర్ల గాలిలోనే ఆగిపోతుంది. అందుకని అంతా ఉక్కు గదిలో, గాలి తోడేసి చేస్తాం.

ఇప్పుడు అసలు కష్టం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం లివర్‌మోర్‌లో నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ అని ఉంది. 192 లేజర్ కిరణాలు. వాటి గురి సుమారు సెంటీమీటరు పొడవున్న ఒక చిన్న లోహపు గొట్టం, దాని లోపల సుమారు 2 మిల్లీమీటర్ల గుండ్రటి గుళిక. మన పోపుల డబ్బాలో ఆవగింజంత. అందులో డ్యుటీరియం, ట్రిషియం. రెండూ బరువైన హైడ్రోజన్ రకాలు, బాగా నొక్కి వేడెక్కిస్తే వాటి కేంద్రకాలు కలిసిపోయి శక్తి వదులుతాయి. లేజర్లు గొట్టం లోపలి గోడలని వేడెక్కిస్తే అక్కడ పుట్టిన ఎక్స్‌రేలు గుళికని అన్ని వైపుల నుంచీ నొక్కుతాయి. గుళిక గోడ లోపలికి కుంగే వేగం సెకనుకి 300 కిలోమీటర్ల పైమాటే. అంటే ఇక్కడినుంచి కాకి దారిలో విశాఖపట్నం వెళ్ళి ఒక్క సెకనులో తిరిగొచ్చేసే వేగం. చివరికి మధ్యలో వెంట్రుక మందం అంత చోట పది కోట్ల డిగ్రీలు దాటిన నిప్పు. అది వెలిగేది సుమారు 100 పికోసెకన్లు. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. 100 పికోసెకన్లలో వెలుగు కూడా 3 సెంటీమీటర్లే పోగలదు. ఇదిగో, నా రెండు వేళ్ళ వెడల్పు.

సూదిబెజ్జం పెట్టి, వెనక ఫిల్మ్ పెట్టి, మూత తీసి ఉంచేశాం అనుకోండి. బొమ్మ వస్తుంది. చక్కగా గుండ్రంగా కూడా రావచ్చు. గుళిక సమంగా నలిగింది అని సంతోషిస్తాం. కానీ జరిగింది వేరు కావచ్చు. మొదట్లో ఆ నిప్పు అట్టులా చదునుగా ఉండి, చివరికొచ్చేసరికి దొండకాయలా నిలువుగా సాగి ఉండచ్చు. అడ్డంగా ఉన్నదీ నిలువుగా ఉన్నదీ ఒకే ఫిల్మ్ మీద కలిసి పడితే గుండ్రంగా కనపడుతుంది. ఒక్క క్షణం కూడా లేని గుండ్రాన్ని మనం ఫొటోలో చూస్తున్నాం! ఇది ఊహ కాదు. అలాంటి ఊగిసలాట నిజంగా ఉంటుంది, ఆకారాన్ని క్షణక్షణం చూస్తేనే బయటపడుతుంది. దాన్ని బట్టే లేజర్ల బలాన్ని ఏ క్షణంలో ఏ వైపు సర్దాలో తెలుస్తుంది. నా సుద్దగీతల ముద్ద లాంటిదే ఇదీ. కాకపోతే ఇక్కడ పక్కన టైము రాయడానికి 100 పికోసెకన్ల లోపలే రాయాలి.

ఎలా రాస్తారు? రెప్పలా మూసి తెరిచే షట్టర్ పనికిరాదు. మన కనురెప్ప పాటులో ఇలాంటి 100 పికోసెకన్లు 100 కోట్లు ఉంటాయి. ఇనుముతో చేసినదేదీ అంత తొందరగా కదలదు. కరెంటు ఒక్కటే కదులుతుంది.

ఇదిగో, ఇది చూడండి. చేతికిస్తాను, అంచు మాత్రమే పట్టుకోండి, మధ్యలో ముట్టుకోవద్దు. గాజు పలక. అర మిల్లీమీటరు మందం. పగిలిపోయినదే తెచ్చాను, మంచిది బయటకి తీసుకురానివ్వరు. వెలుగుకి ఎదురుగా పెట్టి ఏటవాలుగా చూస్తే ముసురుపట్టినట్టు కనపడుతుంది. దాంట్లో 10 మైక్రాన్ల బెజ్జాలు లక్షల్లో ఉన్నాయి. తేనెపట్టు లాగా. పేరు మైక్రోఛానల్ ప్లేట్. పైన ఈ బంగారు చారలు చూశారా? ఎక్స్‌రే ఈ బంగారం మీద పడితే ఒక ఎలక్ట్రాన్ ఊడుతుంది. అది బెజ్జంలో దూరి గోడకి కొట్టుకుంటే రెండు మూడు ఊడతాయి, అవి మళ్ళీ గోడకి కొట్టుకుంటే ఇంకొన్ని. అవతలి వైపుకి చేరేసరికి వేలల్లో. వెనక ఫాస్ఫర్ తెర వెలుగుతుంది, దాన్ని ఫిల్మో, డిజిటల్ కెమెరాల్లో ఉండే సీసీడీ చిప్పో పట్టుకుంటుంది. కానీ ఇదంతా ఆ చార మీద వోల్టేజి ఉన్నప్పుడే. వోల్టేజి లేకపోతే ఎలక్ట్రాన్ లోపలే చచ్చిపోతుంది, తెర చీకటి.

అందుకని చార ఒక చివర నుంచి చిన్న వోల్టేజి అల పంపిస్తాం. అల ఎక్కడుంటే అక్కడే, అప్పుడే, కెమెరా కళ్ళు తెరుస్తుంది. ముందు రేకులో ఒక బెజ్జం కాదు, వరసగా చాలా పెడతాం. చార పొడవునా ఒకే ప్లాస్మా బొమ్మలు పక్కపక్కన పడతాయి. అల పరిగెడుతుంటే మొదటి బొమ్మ మొదటి క్షణానిది, రెండోది దాని తరవాతిది. ఒకే పలక మీద నిప్పు కథ వరసగా అచ్చవుతుంది. దీన్ని ఫ్రేమింగ్ కెమెరా అంటాం. ఒక్కో బొమ్మకి 100 పికోసెకన్లో అంతకన్నా తక్కువో. ఇంకా తగ్గించాలంటే మరో ఉపాయం ఉంది. బయటికొచ్చిన ఎలక్ట్రాన్లలో ముందు పుట్టినవాటిని వేగంగా, వెనక పుట్టినవాటిని నెమ్మదిగా నడిపిస్తే, దూరం వెళ్ళేకొద్దీ వరస సాగుతుంది. రథయాత్రలో ముందువాళ్ళు పెద్ద అంగలు వేస్తే ఊరేగింపు వీధంతా పరుచుకున్నట్టు. అలా సాగదీశాక ఇందాకటి ఫ్రేమింగ్ కెమెరాతోనే 10 పికోసెకన్ల దాకా విడదీసి చూడొచ్చు.

ఇక్కడ నాకు జరిగిన ఒక నష్టం చెప్తాను. చిన్న వయసులో, ఒక లాబ్‌లో, లేజర్‌తో రాగి రేకు మీద ప్లాస్మా పుట్టించేవాళ్ళం. అది వెలిగేది ఒక నానోసెకను, అంటే వెయ్యి పికోసెకన్లు. మూడు వారాలు ఫ్రేములన్నీ నల్లగా వచ్చాయి. ఫిల్మ్ మార్చాం. ఫాస్ఫర్ మార్చాం. పలక పాడైందని నిర్ణయానికొచ్చి కొత్తదానికి రాశాం. ఇంట్లో అన్నం సహించేది కాదు, అంత టెన్షన్. ఒక రోజు మా దగ్గర పనిచేసే ఒక పెద్దాయన టేపు తీసుకుని మోకాళ్ళ మీద కూర్చుని కేబుళ్ళు కొలవడం మొదలెట్టాడు. కెమెరాకి 'ఇప్పుడు తెరువు' అని సిగ్నల్ మోసే ట్రిగ్గర్ కేబుల్ ఒకటి మీటరు ఎక్కువ ఉంది. లేబుల్ మీద రాసింది ఒకటి, ఉన్నది ఒకటి. కేబుల్లో సిగ్నల్ నానోసెకనుకి 20 సెంటీమీటర్లు పోతుంది. మీటరంటే 5 నానోసెకన్లు. మా కెమెరా రోజూ సరిగ్గానే కళ్ళు తెరిచింది, ప్లాస్మా చల్లారిపోయాక. లేబుల్ నమ్మాను, కొలవలేదు. ఆ తరవాత చేత్తో కొలవని కేబుల్ నేను ఎప్పుడూ తగిలించలేదు.

రెండో రకం స్ట్రీక్ కెమెరా. ఇది ఆడపిల్లలకి నాకన్నా బాగా తెలుసు. గుప్పిట్లో ముగ్గు పట్టుకుని కదలకుండా వదిలితే కుప్ప పడుతుంది. ఎంత పడిందో తెలుస్తుంది, ఎప్పుడు ఎంత పడిందో తెలీదు. చెయ్యి ఒకే వేగంతో జరుపుతూ వదిలితే గీత వస్తుంది. గీత ఎక్కడ లావుగా ఉందో అప్పుడు ఎక్కువ జారింది, ఎక్కడ సన్నగా ఉందో అప్పుడు తక్కువ. కాలం నేల మీద పొడవైపోయింది. స్ట్రీక్ కెమెరాలో ముగ్గు బదులు ఎలక్ట్రాన్లు, చెయ్యి బదులు రెండు లోహపు పలకల మధ్య పెరిగే వోల్టేజి. ఎలక్ట్రాన్ల ధారని తెర మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకి ఊడుస్తుంది. పికోసెకన్ల దాకా దిగొచ్చు. కానీ ఒక లోటు. సన్నటి చీలికలోంచి కనపడే గీత వరకే చూడగలం, పూర్తి బొమ్మ రాదు. అందుకే పెద్ద ప్రయోగాల్లో రెండూ పెట్టుకుంటారు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కష్టపెట్టింది యంత్రం కాదు, వెలుగు చాలకపోవడం. బెజ్జం పెద్దది చేస్తే వెలుగు బాగా వస్తుంది, బొమ్మ అలుక్కుపోతుంది. చిన్నది చేస్తే బొమ్మ స్పష్టం, వెలుగు పిసరంత. కాలమూ అంతే. గుళిక గోడ సెకనుకి 300 కిలోమీటర్లు పోతుంటే 100 పికోసెకన్లలో 30 మైక్రాన్లు జరుగుతుంది, అంచు చెదిరిపోతుంది. సరే, 10 పికోసెకన్లకి తగ్గిద్దాం. అప్పుడు వెలుగు కూడా పదో వంతే. చివరికి బొమ్మలో ఒక్కో చోట నాలుగైదు ఎక్స్‌రే కణాలు మిగులుతాయి. అది ఆకారమా, యాదృచ్ఛికంగా పడ్డ చుక్కలా చెప్పలేం. ఉన్నది దోసెడు వెలుగు. చోటుకెంత, కాలానికెంత, రంగుకెంత అని పంచుకోవాలి. రంగు అని ఎందుకన్నానంటే, ముందు అల్యూమినియం, బెరీలియం లాంటి పల్చటి రేకులు పెట్టి కొన్ని శక్తుల ఎక్స్‌రేలనే వదిలి, దాన్నిబట్టి వేడి లెక్కగడతాం. అదీ వెలుగుని తినేదే. ఏది వదులుకోవాలో తెలిసినవాడే ఈ పనిలో పనిమంతుడని నా అభిప్రాయం.

మన దేశం సంగతి. గుజరాత్‌లో గాంధీనగర్ దగ్గర ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989 నుంచి ఆదిత్య అనే టోకమాక్ నడిచింది. అయస్కాంతాలతో ప్లాస్మాని కంకణంలా పట్టి ఉంచే యంత్రం అది. అక్కడ కాలం కొంచెం దయ చూపిస్తుంది, మైక్రోసెకన్లు, మిల్లీసెకన్లు. టోకమాక్ మధ్యలో వేడి మెల్లగా పెరిగి టక్కున పడిపోతుంది, మళ్ళీ పెరుగుతుంది. గ్రాఫ్ గీస్తే రంపం పళ్ళు. 1974లో అమెరికాలో ప్రిన్స్‌టన్ వాళ్ళు దీన్ని కనిపెట్టింది మెత్తటి, అంటే తక్కువ శక్తి ఉన్న, ఎక్స్‌రేలు చూసే డిటెక్టర్లతోనే. సగటు తీసి ఉంటే ఆ పళ్ళు కనపడేవి కావు.

పైన సూర్యుడూ అంతే. 1868 ఆగస్టు 18 గ్రహణానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరు వచ్చి, సూర్యుడి అంచున లేచే జ్వాలలని వర్ణపటంలో చూశాడు. గ్రహణం లేకపోయినా వాటిని చూడొచ్చని ఆ మర్నాడే అక్కడే తేల్చాడు. ఇప్పుడు 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆదిత్య-ఎల్1 మీద రెండు ఎక్స్‌రే పరికరాలున్నాయి. అవి సూర్యుణ్ణి బొమ్మగా చూడవు, మొత్తం ఒకే దీపంగా చూస్తాయి. సౌరజ్వాల ఎప్పుడు లేచింది, ఎలా వేడెక్కింది, ఎలా చల్లారింది అని కాలంతో పాటు కొలుస్తాయి. చోటుని వదులుకుని కాలాన్ని తీసుకున్నాయి. పంపకం అన్నానే, అదే ఇది.

అడగాల్సినవి అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, పది కోట్ల డిగ్రీలంటే కెమెరా కాలిపోదా?)

మంచి ప్రశ్న అమ్మా. కాకరపువ్వొత్తి కాల్చేటప్పుడు రవ్వలు చేతిమీద పడితే ఏమవుతుంది? చురుక్కుమంటుంది, అంతే. ఆ రవ్వ వెయ్యి డిగ్రీలకి తక్కువుండదు. కానీ రవ్వంత. వేడి ఎంత ఎక్కువన్నది ఒకటి, ఎంత వస్తువుకి ఆ వేడి ఉందన్నది ఇంకొకటి. మా నిప్పు వెంట్రుకంత, కెమెరా దూరంగా ఉంటుంది. వేడితో కాలదు. కానీ చిట్లిన తునకలొచ్చి ముందు రేకుల్ని చిల్లులు పొడుస్తాయి. అవి మారుస్తూ ఉంటాం.

(ఒక పెద్దాయన: బాబూ, దీంతో మన ఇళ్ళకి కరెంటు ఎప్పుడొస్తుంది?)

తారీఖు చెప్పలేను బాబుగారూ, చెప్తే అబద్ధమవుతుంది. 2022 డిసెంబరు 5న లివర్‌మోర్‌లో 2.05 మెగాజౌళ్ళ లేజర్ వెలుగు పంపిస్తే 3.15 మెగాజౌళ్ళు తిరిగొచ్చాయి. లోకంలో అదే మొదటిసారి. కానీ ఆ లేజర్‌ని నడపడానికి గోడ నుంచి తీసుకున్న కరెంటు సుమారు 300 మెగాజౌళ్ళు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. దూరం చాలా ఉంది. ఆ రోజు దాకా వాళ్ళని తీసుకొచ్చినవాటిలో గుళిక ఎక్కడ వంకర పోతోందో చూపించిన ఈ బొమ్మలూ ఉన్నాయి. అది మాత్రం గట్టిగా చెప్పగలను.

(ఒక ఉపాధ్యాయురాలు: పిల్లల చేత ఇక్కడ ఏమైనా చేయించొచ్చా, మాస్టారూ?)

చేయించొచ్చమ్మా, అందుకే ఇవి తెచ్చాను. అట్టముక్కలు పాతిక ఉన్నాయి. ఒక్కోదానికి మూడు బెజ్జాలు. ఒకటి గుండుసూదితో, ఒకటి దబ్బనంతో, ఒకటి పెన్సిలుతో. సూర్యుడి వైపు చూడకూడదు, వీపు తిప్పి నిలబడి నీడలో కాగితం మీద బొమ్మ పట్టాలి. గుండుసూది బెజ్జం బొమ్మ మసగ్గా వెలిగినా అంచు పదునుగా ఉంటుంది, పెన్సిలు బెజ్జం బొమ్మ ధగధగలాడినా అంచు ఉండదు. మబ్బు అడ్డొస్తే మూడూ ఎలా మారతాయో చూడండి, నిమిషానికోసారి చుట్టూ గీత గీయండి. పక్కన టైము రాయండి. పొద్దున్నించీ పట్టిన వాన ఇప్పుడే వెలిసింది, పడమట ఎండ కనపడుతోంది. ఇంకో అరగంటే ఉంటుంది. పదండి, మిగతావి బయట మాట్లాడుకుందాం.